వ్యాయామానంతరము దేహమునకు మాంసకృత్తులు



గడచిన వేసవిలో మా మనుమడు పట్టణమునుండి సెలవులకు వచ్చుచు పెద్ద డబ్బా నొకటి వెంట తెచ్చెను. వాడు ఉదయమున దండీలు, బస్కీలు తీసి, చెమట యారకమునుపే ఆ డబ్బాలోని పొడిని నీళ్లలో గిలకొట్టి త్రాగెడివాడు. "ఇదేం మందురా?" అని యడిగితిని. "మందు కాదు తాతయ్యా, ప్రోటీను. కండ పడుతుంది" అనెను. దాని వెల విన్నపిమ్మట నాకు నోట మాట రాలేదు. కోపగించుటకంటె తెలిసికొనుట మేలని తలచి, వైద్యుడగు మిత్రు నొకని నడిగితిని, పుస్తకములు చూచితిని. అట్లు తెలిసిన సంగతులలో కొన్ని ఆ డబ్బాను గూర్చినవి. కొన్ని నన్ను గూర్చినవి.

కండ యనునది ఒకమారు కట్టి విడిచిన గోడ కాదు. అది దినదినము కొంత కరగుచు, కొంత కట్టబడుచు నుండును. బరువెత్తినపుడు కండలోని పోగులు శ్రమ నొందును. విశ్రాంతివేళ దేహము వానిని మరల కట్టును. ఈ కట్టుబడికి ఇటుకలు మాంసకృత్తులు. మన మారగించిన మాంసకృత్తులు జీర్ణమై, అమైనో ఆమ్లములుగా విడివడి, రక్తమున చేరి కండకు పోవును. ఇట్టివి 20 కలవు. అందు 9 మాత్రము దేహము తనంత తాను చేసికొనజాలదు. అవి యాహారమునుండియే రావలెను. ఆ తొమ్మిదింటిలో ల్యూసిన్ అనునది మేస్త్రివంటిది. అది తగినంత వచ్చినపుడే పని చురుకుగా సాగును.

ఇక పొడులలోని భేదములు. పాలు విరిచి చూచిన యిల్లాలికి వీని మర్మము సులభముగా బోధపడును. విరిగిన పాలలో తెల్లని ముద్ద యొకవైపును, లేతపచ్చని తేట యొకవైపును అగును గదా! ఆవుపాల మాంసకృత్తులలో నూటికి సుమారు 80 పాళ్లు ముద్దకు చెందినవి. 20 పాళ్లు తేటవి. ఆ తేట నెండించి చేసినదే "వే" అను పొడి. అది త్వరగా జీర్ణమగును. ల్యూసిన్ మెండుగా గలది. కావున వ్యాయామము వెంటనే కండ కట్టుబడిని రేపుటలో దానిదే పైచేయి. ముద్దకు సంబంధించిన పొడి "కేసీన్". అది కడుపులోని పులుపునకు గడ్డకట్టి, మెల్లగా కరగుచు, గంటల తరబడి కొద్దికొద్దిగా అందించును. అందుచేతనే కొందరు పండుకొనబోవుముందు దానిని త్రాగుదురు. సోయా చిక్కుడు పొడియందు ఆ తొమ్మిది ఆమ్లములును కలవు గాని ల్యూసిన్ కొంత తక్కువ. పాలు పడనివారికి అది తగినది. పశువుల తోలు, ఎముకలనుండి తీయు "కొల్లాజెన్" పొడి యొకటి కలదు. ఆ తొమ్మిదింటిలో ఒకటి దానియందు లేనేలేదు; కండ కట్టుటకు అది యంతగా కొరగాదు.

ఈ భేదములు నిజమే. కాని యివి గంటల భేదములు. నెలల తరబడి చూచినచో, దినమంతయు లోపలికి పోయిన మొత్తమే ప్రధానము. అరగంటలోపల త్రాగకున్న శ్రమ వృథా యనుటయు సరికాదు; శ్రమించిన కండ ఒక దినముపాటు ఆహారమును అందుకొనుటకు సిద్ధముగా నుండును. వ్యాయామము లేక పొడి మాత్రము త్రాగినవానికి కండ పెరుగదు.

ఒక మోతాదు పొడిలో సుమారు 20 మొదలు 25 గ్రాముల మాంసకృత్తులుండును. నూరు గ్రాముల కందిపప్పులో 22, వేరుసెనగ పలుకులలో 25, ఒక గ్రుడ్డులో 6, ఒక గ్లాసు పాలలో 6 లేక 7 గ్రాము లుండును. బియ్యమునందు కొరవడిన లైసిన్‌ను పప్పు పూరించును. పప్పునందు కొరవడిన మెథియొనీన్‌ను బియ్యము పూరించును. మన పప్పన్నము వట్టి యలవాటు కాదు సుమా! హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, కండకొరకు పొడులను వాడవలదనియే చెప్పినది.

ఇక నన్ను గూర్చిన సంగతి. ఉదయము కాఫీ, మధ్యాహ్నము చారు, మజ్జిగలతో అన్నము, రాత్రి రెండు ఇడ్డెనలు: ఇది నా భోజనము. పీటమీదనుండి లేచునపుడు గోడ పట్టుకొనెడివాడను. వార్ధక్యమని సరిపెట్టుకొంటిని. కాని వయసు మీరినకొలది కండ ఆహారపు పిలుపునకు మందముగా పలుకునట. 60 కిలోల యువకునికి పూటకు 15 గ్రాముల మాంసకృత్తులు చాలుచుండగా, అంతే బరువుగల వృద్ధునికి సుమారు 24 గ్రాములు కావలయునని పరిశోధకులు లెక్కించిరి. మనమో, యువకునికంటె తక్కువ తినుచున్నాము!

నేడు నేను ఉదయమున పెసరట్టు, మధ్యాహ్నమున ముద్దపప్పు, పెరుగు, సాయంకాలమున సెనగ గుగ్గిళ్లు తినుచున్నాను. రెండుపూటల కుర్చీనుండి పదేసిమార్లు చేతి యూత లేక లేచి కూర్చుండుచున్నాను. గోడ పట్టుకొనుట మానితిని. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యు నడుగక మాంసకృత్తులు పెంచరాదు. పండ్లూడి, ఆకలి చెడి తినజాలనివారికి వైద్యుని యనుమతితో పొడియు నుపకరింపవచ్చును.

మనుమడు తిరిగి పోవునపుడు డబ్బాలో సగము మిగిలియుండెను. నేను వానిని నిందింపలేదు. వాడు పొడి త్రాగినను వ్యాయామము చేసెను. నేను వ్యాయామము చేయక, పప్పు తినక, వయస్సును నిందించుచు కూర్చుంటిని. ఇరువురిలో ఎవరు తెలివితక్కువవారో శ్రోతలే నిర్ణయింతురు గాక! సెలవు.