మందుల లెక్కే మొదటి పాఠం



ఈ ఫార్మసీ సభ సూరత్ జిల్లా కడోదరాలోనే జరగాలని పట్టుబట్టింది నేనే. ఇక్కడి మగ్గాల దగ్గర, డైయింగ్ మిల్లుల్లో మన తెలుగువాళ్లు పనిచేస్తున్నారు. అదొక్కటే కారణం కాదు. విపత్తులో ఫార్మసిస్టు పని ఏమిటో ఈ జిల్లా రెండుసార్లు చూపించింది.

1994 సెప్టెంబరులో ప్లేగు మాట పొక్కగానే లక్షల మంది సూరత్ వదిలిపోయారు. ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది వెళ్లిపోయారు. షాపుల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది. జబ్బు లేనివాళ్లు మూటగట్టుకుపోయారు. మరుసటి ఏడాది వచ్చిన మున్సిపల్ కమిషనర్ ఎస్.ఆర్.రావు ఊరిని శుభ్రం చేసిన సంగతి అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. మందు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న సంగతి మాత్రం మన పాఠాల్లోకి రాలేదు.

విపత్తు శిక్షణంటే కట్టు కట్టడం, స్ట్రెచర్ మోయడం అని వాదించే పెద్దలు మనలో ఉన్నారు. ఆ వాదనతో నేను చాలాకాలంగా పోట్లాడుతున్నాను, ఈరోజూ వదలను. ఆ పని చేయడానికి ఎన్‌డీఆర్‌ఎఫ్ ఉంది, నర్సులున్నారు. మందుల లెక్క చూసేది మనం కాకపోతే ఇంకెవరు?

రెండోసారి, 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లతో తాపీ నది పొంగి సూరత్‌ను ముంచింది. వరద తీశాక లెప్టోస్పైరోసిస్ భయం పట్టుకుంది. దక్షిణ గుజరాత్ పొలాల్లో వానాకాలం వస్తే కాచుకునే జబ్బే అది. నివారణకు పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు, వారానికోసారి. పరీక్షలో ఇది రాయని విద్యార్థి ఉండడు. టెంటు ముందు రెండు వందల మంది నిలబడ్డప్పుడు ఏం చేస్తాడు? గర్భిణిని గుర్తించి పక్కకు పిలవాలి. చిన్నపిల్లలను వేరు చేయాలి. ఐరన్ మాత్రలు వాడే ఆవిడకు రెండూ కలిపి మింగొద్దని చెప్పాలి. వేసుకోగానే పడుకుంటే గొంతులో పుండు పడుతుందని, నిండు గ్లాసు నీళ్లతో మింగాలని చెప్పాలి. ఇదంతా తెలుగులో, గుజరాతీలో, హిందీలో, ఒక్కొక్కరికి అర నిమిషంలో. ఏ ల్యాబులో నేర్పుతున్నాం ఇది?

ఇక బీపీ, షుగరు, ఫిట్స్ మందులు. చీటీ నీళ్లలో కొట్టుకుపోయినవాడు "తెల్ల గోళీ, పొద్దున ఒకటి" అంటాడు. అతని చేత మందు పేరు రాబట్టడం ఒక విద్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల కిట్‌ను పది వేల మందికి మూడు నెలల లెక్కతో కట్టింది. కడోదరాకు అలాంటి జాబితా మన విద్యార్థులు ఎందుకు తయారు చేయకూడదు? బ్లీచింగ్ పౌడర్ కూడా అందులో రాయాలి. తేమ తగిలిన బస్తాలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూడకుండా బావిలో పోస్తే ఫలితముండదు.

మరో మనవి. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్ తుఫాను నాటి మందుల ఇండెంట్ రిజిస్టర్లు ఎక్కడైనా మిగిలితే చెదలు పట్టకముందే సేకరించండి. ఆ రోజుల్లో పనిచేసిన రిటైరైన కాంపౌండర్ల దగ్గర కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

డి.ఫార్మసీలో ఐదు వందల గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంది. అందులో యాభై గంటలు ఈ విపత్తు శిక్షణకు అడుగుతున్నాను. ఆ యాభై గంటలు ఎక్కడ తగ్గించాలో రేపటి చర్చలో తేల్చండి.