ఇంట దాచిన విత్తనం - బెరకు కాకుండా, మొలక చెడకుండా



నూర్పులు అయ్యాక అమ్మేది అమ్మి, తిండికి ఉంచేది ఉంచి, మంచి మడి చూసి విత్తనానికని నాలుగు బస్తాలు విడిగా తీసిపెట్టడం మన వైపు తాతలనాటి అలవాటు. పుష్యమాసంలో కట్టిన మూట మళ్లీ మృగశిర కార్తెకు గాని విప్పము. మధ్యన ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ మూటలో ఏమవుతున్నదో మనం చూడము. ఈరోజు మీతో చెప్పదలచినది ఆ ఆరు నెలల సంగతే.

విత్తనం మొలవాలి, ఏ రకమని దాచామో ఆ రకమే మొలవాలి. మొలకే రాకపోతే ఆకుమడిలో పది రోజులకే బయట పడుతుంది. అప్పులో సొప్పులో చేసి మళ్లీ పోసుకోవచ్చు. రకం కలిసిపోయిన సంగతి మాత్రం చేను పొట్టకు వచ్చేదాకా తెలియదు. అప్పటికి పెట్టుబడంతా మడిలో ఉంటుంది.

ఈ మాట ఒకరి దగ్గర విని చెప్పడం లేదు. నేను డిప్లమో ముగించి ఉద్యోగంలో చేరిన తొలి ఏడు, పెందుర్తి అవతల ఒక ఊళ్లో ఒక పెద్దాయన రెండు రకాలు విత్తనం కట్టాడు. ఒకటి స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029. రెండోది కాటన్‌దొర సన్నాలు, ఎం.టి.యు. 1010. "బస్తాల మీద పేర్లు రాసి పెట్టు బాబూ" అంటే సుద్దముక్కతో పైన రాశాను. వేసవిలో ఒక గాలివాన వచ్చి చూరు కారితే, ఇంట్లోవాళ్లు బస్తాలన్నీ హడావుడిగా వేరే గదిలోకి చేరవేశారు. సుద్దరాత తుడుచుకుపోయింది. నన్ను పిలిచారు. ఆ గది చీకట్లో గుప్పెడు గుప్పెడు తీసి చూసి, ఇది ఇదీ, అది అదీ అని చెప్పేశాను. ఎంతో తెలిసినవాడిలాగే చెప్పాను.

స్వర్ణ పంటకాలం దాదాపు 150 రోజులు. 1010 రకం 120 రోజులకే కోతకు వస్తుంది. ఆ యేడు ఆయన స్వర్ణ మడిలో నెల ముందే అక్కడొక దుబ్బు, ఇక్కడొక దుబ్బు వెన్ను తీసింది. చేను పచ్చగా ఉండగానే ఆ వెన్నులు పండాయి. పిట్టలు తిన్నది కొంత, ఎలుకలు కొరికింది కొంత. మిగిలిన గింజ మడిలోనే రాలింది. రాలిన గింజ ఊరుకుంటుందా? మరుసటి యేడు దమ్ములో అదీ మొలిచింది. ఆయన దగ్గర విత్తనం పట్టుకుపోయే ఇళ్లు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్ల మడుల్లోనూ ఇదే తంతు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. గట్టు మీద కూర్చుని, "మరి పైయేడు ఏటి జల్లాలి బాబూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ విత్తనమంతా తిండికి ఆడించేసి, కొత్త విత్తనం కొనవలసి వచ్చింది.

అందుచేత ముందుగా పేరు సంగతి. చీటీ మూటకు రెండుచోట్ల ఉండాలి. ఒకటి మూతి దగ్గర కట్టాలి, ఒకటి గింజల్లో పెట్టాలి. పైది ఎలుక కొరికినా, తడిసినా, లోపలిది ఉంటుంది. సిరాతో వద్దు, చెమ్మకు అలికిపోతుంది. పెన్సిలు రాత తడిసినా పోదు. పాతకాలం వాళ్లు తాటాకు మీద గంటంతో గీశారంటే ఊరికే గీయలేదు! చీటీ మీద రకం పేరు, ఏ మడిలోది, ఏ రోజు కోసినది, ఎన్ని ఎండలు ఎండినది రాయండి. ఇంట్లో మూట కట్టేది, విప్పేది ఆడవాళ్లే గనుక, చదువు రాని అమ్మలకు కూడా తెలిసేట్టు రకానికొక రంగు తాడు నిర్ణయించుకోండి. స్వర్ణకు ఎర్ర తాడంటే ఏటేటా ఎర్ర తాడే.

అయితే బెరకు ఇంట్లోకి వచ్చాక మొదలయ్యేది కాదు. కల్లంలోనే మొదలవుతుంది. కోత మిషను పక్క రైతు మడిలో వేరే రకం కోసి నేరుగా మన మడిలోకి దిగుతుంది. దాని పొట్టలో ఎంత గింజ మిగిలి ఉంటుందో ఎవరూ తొంగి చూడరు. విత్తనానికి తీసే మడిని మిషనుకు వదలక చేత్తో కోసి, విడిగా కొట్టుకోవడం మేలు. అది కుదరనప్పుడు మిషను తిరిగిన మొదటి రెండు మూడు బస్తాలు తిండికి వేసి, ఆ తరువాత వచ్చినది విత్తనానికి పట్టండి. అంతకుముందే, వెన్ను తీసే రోజుల్లో ఒకసారి, కోతకు ముందు ఒకసారి మడిలో తిరిగి కేళీలు ఏరి పారేయాలి. నిలబడి ఉన్నప్పుడు కేళీని గుర్తుపట్టినంత సులువుగా గింజను గుర్తుపట్టలేము. నేను పట్టబోయి ఏమైందో విన్నారు కదా.

తరువాతి దొంగ పాత గోనెసంచి. దాని కుట్లలో నిరుటి గింజలు ఇరుక్కుని ఉంటాయి. తిరగేసి, దులిపి, మరిగే నీళ్లలో ముంచి, ఎండలో ఆరేశాక గాని విత్తనం పోయకండి. గింజతోబాటు పాత పురుగు, దాని గుడ్డు కూడా పోతాయి.

ఇంత శ్రద్ధ దేనికంటారా? కిలో వడ్లలో నలభై వేల పైచిలుకు గింజలుంటాయి. ధ్రువీకరించిన విత్తనమని నీలం చీటీ కట్టాలంటే, ఆ కిలోలో వేరే రకం గింజలు 20 కంటె మించకూడదని నిబంధన. మూల విత్తనమైతే 10 మాత్రమే. మన ఇంటి విత్తనాన్ని ఎవరూ వచ్చి లెక్కపెట్టరు. ఒక్క చాటెడు పొరపాటు ఆ లెక్కను ఎంత దాటిపోతుందో మీరే ఊహించుకోండి.

ఇక మొలక సంగతికి వద్దాం. విత్తనం ప్రాణమున్న వస్తువు. సంచిలో ఉన్నా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. తేమ, వేడి పెరిగితే ఆ ఊపిరి ఎక్కువవుతుంది, ఆయువు తగ్గుతుంది. హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి ఒక మోటు లెక్క చెప్పాడు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే విత్తనం ఆయువు రెట్టింపవుతుంది. నిలవ చేసిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపవుతుంది. ఈ లెక్కనే చివరిదాకా తీసుకుపోయి, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలను బాగా ఆరబెట్టి, సున్నాకు 20 డిగ్రీలు దిగువన దాస్తున్నారు. మనకు అంత చలి ఎక్కడిది? ఆరబెట్టడమైతే మన చేతిలో ఉన్నది.

కోసేనాటికి వడ్లలో తేమ 20 శాతం పైన ఉంటుంది. దాన్ని 13కు, వీలయితే 12కు దించాలి. ఒక్క ఎండలో దించబోకండి. పలుచగా పరచి, గంటకోసారి కాలితో గాడిపెడుతూ, మిట్టమధ్యాహ్నం కుప్ప చేసి కప్పి, మళ్లీ చల్లబడ్డాక పరచి, మూడు నాలుగు రోజులు ఎండనివ్వాలి. తారురోడ్డు మీద పోయడం మన వైపు బాగా అలవాటయింది. తిండిగింజకు ఏమోగాని విత్తనానికి అది రెండు విధాల చేటు. నల్ల తారు కాలి గింజలోని మొలకను ఉడికిస్తుంది. పైగా ఈ కుప్ప వాళ్లది, ఆ కుప్ప వీళ్లది. లారీ చక్రం రెండు కుప్పలనూ ఒకటి చేసి పోతుంది.

ఎండిందో లేదో తెలియడానికి పంటికింద వేసి చూస్తాము. ఠక్కుమని విరగాలి. ఇంకొక పరీక్ష ఉంది. పొడి గాజుసీసాలో గుప్పెడు వడ్లు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి బాగా కుదిపి కాసేపు ఆగండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ ఇంకా 15 శాతం పైనే ఉన్నదన్నమాట. అంటుకోకపోతే మరో ఎండ ఇచ్చి, నీడలో చల్లార్చి అప్పుడు కట్టండి. వేడిమీద కడితే లోపల చెమర్చుతుంది.

మన విశాఖ తీరంలో ఒక చిక్కున్నది. సముద్రపు గాలి తడిగాలి. గాలిలో తేమ 75 శాతం ఉంటే, మనం 12కు ఎండబెట్టిన గింజ కూడా ఆ తేమను పీల్చుకుని 14 దగ్గరకు పోతుంది. మరి గాలి ఆడని డబ్బాలో పెట్టేస్తే సరిపోదా అని అడుగుతారు. ఇక్కడ జాగ్రత్త! గాలి చొరని డబ్బాలో వడ్లు దాచాలంటే తేమ 8 శాతానికి దిగాలి. మామూలు ఎండలో అంత ఎండడం కష్టం. 13 శాతం గింజను డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, గోనెసంచిలో కంటె ముందే చస్తుంది. అందుచేత వడ్లను శుభ్రమైన గోనెసంచిలోనే కట్టి, చెక్కల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చండి. ఎండ కాసిన రోజున కిటికీ తెరిచి, ముసురు పట్టిన రోజున మూసెయ్యండి. ఎరువుల బస్తాలతో కలిపి పెట్టవద్దు. మే నెలలో ఒకసారి దించి మళ్లీ ఒక ఎండ చూపించండి.

ఇప్పుడు గోపాలపట్నం ఊరు కాదు, పట్నంలో భాగం. పొలాలు సబ్బవరం, పెందుర్తి వైపు ఉన్నా, కాపురాలు ఇక్కడి డాబాల్లో ఉంటున్నాయి. గాదె, గరిసె, పురి పెట్టుకునే చోటు లేక, విత్తనం బస్తాను డాబా మెట్ల గదిలోనో, పైన రేకుల గదిలోనో పడేస్తున్నారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిలో మీరు పావుగంట కూర్చోగలరా? కింద గదికీ దానికీ తేడా ఎంతో తేలికగా 5 డిగ్రీలు ఉంటుంది. ఇందాకటి లెక్క ప్రకారం విత్తనం ఆయువు సగం అక్కడే పోయింది. మంచం కిందైనా సరే, కింద గదే నయం.

చోళ్ల గురించి ఎక్కువ చెప్పక్కరలేదు. గింజ చిన్నది, పురుగు దాదాపు పట్టదు, ఆరితే ఏళ్లు నిలుస్తుంది. కాకపోతే రెండు రకాల చోళ్లు కలిస్తే విడదీయడం బ్రహ్మకైనా తరం కాదు గనుక, వేరు వేరు కుండల్లో పోసి చీటీ పెట్టండి. వేరుశనగను మాత్రం కాయతోనే ఉంచి, విత్తే ముందు వారంలోనే వొలవాలి. ఒలిచిన పప్పుకు ఆయువు తక్కువ.

పెసర, మినుములకు పెంకుపురుగు పెద్ద శత్రువు. ఇంట్లో పుడుతుందనుకుంటాము గాని, అది చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి మనతోబాటు వస్తుంది. బాగా ఎండబెట్టి, కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టిస్తే గుడ్డు నిలవదు. ఇలాంటి పురుగు అలసందలను పాడుచేస్తుంటే, 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వారు ఒకదానిలో ఒకటి మూడు సంచులు పెట్టి మూతి బిగించే పద్ధతి కనిపెట్టారు. లోపలి ప్రాణవాయువు అయిపోయి పురుగు చస్తుంది, మందు అక్కరలేదు. ఇటువంటి సంచులు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. వీటిలో పోసేది కూడా బాగా ఎండిన గింజే కావాలి. పప్పుధాన్యపు విత్తనంలో తేమ 9 శాతం మించకూడదు. ఇంకొక మాట. విత్తనానికి పురుగుమందు పట్టిస్తే, ఆ మూట మీద ఎర్ర గుడ్డ కట్టి, పిల్లలకు అందకుండా ఉంచాలి. దాన్ని మళ్లీ తిండికి వాడకూడదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పైకప్పులు ఎగిరిపోయి, ఒకే చోట దాచినదంతా ఒకేసారి తడిసిన ఇళ్లు చూశాను. అప్పటినుంచి నేను రైతులకు చెబుతున్నది, విత్తనాన్ని రెండు ఇళ్లలో దాచమని. అన్నగారింట కొంత, మీ ఇంట కొంత. చీటీ మాత్రం రెంటిలోనూ ఒకటే.

మే నెల ఆఖరున, ఆకుమడికి పదిహేను రోజుల ముందు, ప్రతి మూటలోంచి పై గింజ, నడుమ గింజ, అడుగు గింజ కలిపి ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టండి. తడి గుడ్డలో వరుసగా పేర్చి చుట్టి, నీడన పెట్టి, ఆరకుండా నీళ్లు చిలకరించండి. వారం తరువాత విప్పి, మంచి మొలకలను మాత్రమే లెక్కించండి. 80 వస్తే విత్తనం భేషు, ఎకరానికి మామూలు 25 కిలోలు చాలు. 60 వస్తే 33 కిలోలు పోయాలి. యాభైకి లోపు వస్తే ఆ మూటను మిల్లుకు పంపేయండి. ఆలస్యం కాకముందే కొత్త విత్తనం వెతుక్కోవడానికి అప్పటికింకా వారం రోజుల వ్యవధి ఉంటుంది. వచ్చిన అంకెను అదే చీటీ మీద, పెన్సిలుతో రాసి మళ్లీ మూటలో పెట్టండి.