కాంక్రీటు చెప్పిన లెక్క, కాగితం మీది లెక్క
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలులో ఎక్స్‌రేయో, సి.టి. స్కానో తీయించుకోనివారు ఉండరనుకుంటాను. ఎంత రేడియేషన్ తగిలితే ఎంత ముప్పు అని చెప్పే లెక్కలకు ముఖ్య ఆధారం, 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడినవారు. ఎవరికి ఎంత మోతాదు తగిలిందో ఆనాడు కొలిచిన నాథుడు లేడు. తర్వాత కంప్యూటరు మీద కట్టిన లెక్కే గతి. 1986లో తయారైన ఆ లెక్కను డి.ఎస్.86 అన్నారు.

అది సరో కాదో చెప్పే సాక్షి హిరోషిమా ఊళ్లోనే ఉంది. కాంక్రీటు గోడ! న్యూట్రాన్లు గోడలోకి దూరితే, కాంక్రీటులో ఇమిడి ఉన్న నీటిలోని హైడ్రోజన్ వాటి వేగాన్ని అణచివేస్తుంది. క్యారమ్స్‌లో ఒక కాయ అంతే బరువున్న మరో కాయను సూటిగా తగిలితే మొదటిది ఆగిపోతుంది చూడండి, అలాగన్నమాట. రియాక్టర్ల చుట్టూ మందపాటి కాంక్రీటు కట్టడానికి ఇదొక కారణం. అలా నెమ్మదించిన న్యూట్రాన్‌ను క్లోరిన్ పట్టుకుంటే క్లోరిన్-36 అవుతుంది. దాని అర్ధాయువు సుమారు 3 లక్షల ఏళ్లు. ఏభై ఏళ్ల తర్వాత గోడ తొలిచి కొలిచినా చెక్కుచెదరదు. రాళ్లలో యూరోపియం-152, ఇనుములో కోబాల్ట్-60 కూడా కొలిచారు గాని, అవి ఏటేటా తరిగిపోయే సరుకు.

కొలిచాక తకరారు వచ్చింది. బాంబుకు దగ్గరలో లెక్క ఎక్కువ, కొలత తక్కువ. కిలోమీటరు దాటాక కొలతే ఎక్కువ. దూరం పోయేకొద్దీ తేడా పెరిగింది. ఇది చిల్లర తేడా కాదు. న్యూట్రాన్లు నిజంగా అంత తగిలి ఉంటే, గామా కిరణాలకు అంటగట్టిన ముప్పులో కొంత న్యూట్రాన్లది అవుతుంది. అప్పుడు ప్రపంచంలోని రేడియేషన్ పరిమితులన్నీ తిరిగి చూసుకోవాలి.

కొలత ఎప్పుడూ నిజం, లెక్కే తప్పు అని మనకొక నమ్మకం. నేను ఒప్పుకోను. క్యాష్‌బుక్కుకూ ట్రెజరీ పద్దుకూ పొంతన కుదరకపోతే ఓపెనింగ్ బ్యాలెన్సు చూడమనేవారు కదా! అక్కడా అదే తేలింది. కాస్మిక్ కిరణాల వల్ల, రాళ్లలోని సహజ యురేనియం, థోరియం వల్ల, బాంబు పడకపోయినా కొంత క్లోరిన్-36 పుడుతూనే ఉంటుంది. దూరపు నమూనాల్లో బాంబు వాటా ఎంత చిన్నదంటే, ఈ పాత నిల్వే దాన్ని మింగేసింది. జపాన్, అమెరికా, జర్మనీ ప్రయోగశాలలు ఒకే గ్రానైట్ నమూనాలను పంచుకుని కొలిచి, పాత నిల్వ తీసేస్తే, లెక్కతో కుదిరింది. వేగమైన న్యూట్రాన్ల సంగతి చూడటానికి పాత భవనాల రాగిలో పుట్టిన నికెల్-63ను కొలిచారు. 2003లో వెలువడిన ఆ ఫలితాలూ సరిపోయాయి.

లెక్క కూడా పూర్తిగా నిర్దోషి కాదు. హిరోషిమా బాంబు పేలిన ఎత్తును 580 మీటర్ల నుంచి 600కు, బలాన్ని 15 కిలోటన్నుల నుంచి 16కు సవరించారు. దాంతో దగ్గరలోని తేడా కూడా తీరింది. ఈ సవరించిన లెక్కే డి.ఎస్.02. దాని ప్రకారం బతికినవారి మోతాదులు మళ్లీ వేస్తే, ఒక్కొక్క యూనిట్ మోతాదుకు క్యాన్సర్ ముప్పు అంచనా సుమారు 8 శాతం తగ్గింది.