రిపీటర్‌కి డూప్లెక్సర్: ఏది కొనాలి, ఎలా ట్యూన్ చేయాలి

కొండ మీదో, ఎత్తైన బిల్డింగ్ మీదో కూర్చుని, మీ చేతిలో ఉన్న చిన్న హ్యాండీ సిగ్నల్‌ని విని, అదే క్షణంలో గట్టిగా తిరిగి పంపేదే రిపీటర్. ఇక్కడి వరకు అందరికీ తెలుసు. ఈ రోజు రిపీటర్ పెట్టేవాళ్లు చివర్లో ఆలోచించే, కానీ ముందే ఆలోచించాల్సిన డబ్బా గురించి మాట్లాడుకుందాం. దాని పేరు డూప్లెక్సర్.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. మన టూ మీటర్ బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. రిపీటర్ 145.000లో వింటుంది, 145.600లో మాట్లాడుతుంది అనుకోండి. తేడా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. రెండు పనులూ ఒకేసారి, ఒకే యాంటెన్నా మీద జరగాలి. ట్రాన్స్‌మిటర్ 25 వాట్లు కొడుతుంది, అంటే ప్లస్ 44 డీబీఎం. రిసీవర్ మైనస్ 120 డీబీఎం దగ్గర ఉన్న సిగ్నల్‌ని పట్టుకోవాలి. మధ్యలో తేడా 164 డీబీ. 1 పక్కన 16 సున్నాలు పెట్టండి, దానికన్నా ఎక్కువ రెట్లు! ఊరేగింపులో డీజే బాక్స్‌కి చెవి ఆనించి నిలబడి, వీధి చివర ఎవరో గుసగుసలాడితే వినాలి. పని అంత కష్టం.

ఇందులో గొడవలు రెండు. ఒకటి, మన ట్రాన్స్‌మిటర్ క్యారియర్ రిసీవర్ని ఉక్కిరిబిక్కిరి చేసి చెవిటిదాన్ని చేస్తుంది. దీన్నే డీసెన్స్ అంటారు. రెండోది చాలామంది పట్టించుకోరు. ఏ ట్రాన్స్‌మిటరూ తన ఫ్రీక్వెన్సీ మీదే శుభ్రంగా ఉండదు. పక్కన సన్నగా నాయిస్ చిమ్ముతుంటుంది. అది నేరుగా 145.000 మీదే వచ్చి పడుతుంది. మీరు వినాల్సిన చోటే పడింది కాబట్టి రిసీవర్ వైపు ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా దాన్ని ఆపలేదు. ట్రాన్స్‌మిటర్ వైపే ఆపాలి.

అందుకే డూప్లెక్సర్‌లో ట్రాన్స్‌మిట్ వైపు కావిటీలు 145.600ని వదిలి 145.000ని కోస్తాయి. రిసీవ్ వైపు కావిటీలు 145.000ని వదిలి 145.600ని కోస్తాయి. ఈ ఒక్క వాక్యం పేపర్ మీద రాసుకుని డబ్బాకి అతికించండి. ట్యూనింగ్‌లో సగం తికమక దీని దగ్గరే.

ఇప్పుడు కొనడం. ఆన్‌లైన్‌లో డూప్లెక్సర్ అని వెతికితే మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది అరచేతిలో పట్టే చిన్న డబ్బా, మూడు వైర్లు. ఇది టూ మీటర్‌నీ 70 సెంటీమీటర్‌నీ విడదీసేది. సరైన పేరు డిప్లెక్సర్, కానీ అమ్మేవాళ్లు డూప్లెక్సర్ అనే రాస్తారు. ఒకే బ్యాండ్ రిపీటర్‌కి ఇది పనికిరాదు. రెండోది పలచటి పెట్టెలో ఆరు చిన్న గదులు ఉండేది, చవక. స్పెసిఫికేషన్‌లో 'మినిమమ్ సెపరేషన్' అనే లైన్ చూడండి. చాలావాటికి నాలుగైదు మెగాహెర్ట్జ్ తేడా కావాలి. యూహెచ్ఎఫ్‌లో, బయటి దేశాల 5 మెగాహెర్ట్జ్ స్ప్లిట్‌కి బానే పనిచేస్తాయి. మనకి 70 సెంటీమీటర్లలో ఇచ్చింది 434 నుంచి 438, మొత్తమే 4 మెగాహెర్ట్జ్. ఆ స్ప్లిట్ అసలు పట్టదు. ఇక 600 కిలోహెర్ట్జ్ సంగతి చెప్పక్కర్లేదు.

మూడోది అసలైనది: పెద్ద గొట్టాలు, వైపుకి రెండు లేదా మూడు. పెద్దగా ఎందుకంటే, 145 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు, దానిలో పావు వంతు అరమీటర్ పైనే. దగ్గర ఫ్రీక్వెన్సీలని విడగొట్టాలంటే ఈ సైజు తప్పదు. బ్యాండ్‌పాస్ ప్లస్ నాచ్ రెండూ చేసే రకం తీసుకోండి. ఉత్త నాచ్ రకం చవకే కానీ, అదే టవర్ మీద పోలీస్ వైర్‌లెస్సో, పేజింగ్ ట్రాన్స్‌మిటరో ఉంటే దాన్ని ఆపదు. 600 కిలోహెర్ట్జ్ దగ్గర వైపుకి 80 నుంచి 90 డీబీ ఐసొలేషన్ చూడండి.

రెండు యాంటెన్నాలు పెట్టి దూరం జరిపితే సరిపోదా అని అడుగుతారు. ఒకదాని పైన ఒకటి నిలువుగా పది మీటర్లు ఎడంగా పెడితే సుమారు 55 డీబీ వస్తుంది. సాయం చేస్తుంది, కానీ ఒంటరిగా చాలదు.

లాస్ కూడా చూసుకోండి. 1.5 డీబీ అంటే చిన్నగా అనిపిస్తుంది కానీ 25 వాట్లలో యాంటెన్నాకి చేరేది 17.7 వాట్లే. మిగతాదంతా వేడి. వేడెక్కితే లోహం సాగుతుంది, సాగితే ట్యూనింగ్ జరుగుతుంది. అందుకే మంచి కావిటీల్లో లోపలి కడ్డీ ఇన్వార్‌తో చేస్తారు. నికెల్, ఇనుము కలిసిన మిశ్రమం, వేడికి దాదాపు సాగదు. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే ముందు ఇదే అడగండి. మన ఎండలకి ఇది లగ్జరీ కాదు.

ట్యూనింగ్‌కి నానో వీఎన్ఏ చాలు. కానీ దాని హద్దు తెలియాలి. పాత మోడల్‌లో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సుమారు 70 డీబీ వరకే నిజం చెబుతుంది. మొత్తం డూప్లెక్సర్ కట్టి 85 డీబీ నాచ్ కొలుద్దామంటే స్క్రీన్ మీద కనిపించేది మీటర్ నాయిసే. కాబట్టి ఒక్కో కావిటీని విడదీసి ట్యూన్ చేయండి. ఒక్కోటి సుమారు 30 డీబీ ఇస్తుంది, అది హాయిగా కొలవొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో యూనిట్ టెస్ట్ లాగే అన్నమాట.

ఇంకో కిటుకు. ఆ మోడల్ స్క్రీన్ అంతటికీ 101 పాయింట్లే కొలుస్తుంది. స్పాన్ 2 మెగాహెర్ట్జ్ పెడితే పాయింట్‌కీ పాయింట్‌కీ 20 కిలోహెర్ట్జ్. నాచ్ సన్నగా ఉంటుంది కాబట్టి దాని అడుగు రెండు పాయింట్ల మధ్యలో దాక్కోవచ్చు. చివర్లో స్పాన్ తగ్గించి చూడండి. స్పాన్ మార్చిన ప్రతిసారీ, వాడబోయే కేబుళ్లతోనే క్యాలిబ్రేట్ చేయండి.

వరుస ఇది: ముందు పాస్ ఫ్రీక్వెన్సీ మీద కడ్డీ తిప్పి లాస్ తగ్గించండి. తర్వాత నాచ్ ట్రిమ్మర్. ఒకటి తిప్పితే రెండోది కాస్త కదులుతుంది, మళ్లీ మొదటికి రండి. రెండు మూడు సార్లు తప్పదు. లాక్‌నట్ బిగిస్తున్నప్పుడు కూడా నాచ్ జరుగుతుంది, కాబట్టి స్క్రీన్ చూస్తూనే బిగించండి. అన్నీ అయ్యాక కలిపి కట్టి పాస్ లాస్, ఎస్‌డబ్ల్యూఆర్ చూడండి. అప్పుడు ఖాళీగా ఉన్న మూడో పోర్ట్‌కి 50 ఓమ్స్ లోడ్ పెట్టాలి. కావిటీల మధ్య కేబుళ్ల పొడవు లెక్క ప్రకారం కోసింది, అందంగా లేదని మార్చకండి. డబుల్ షీల్డ్ కేబుల్, ఎన్ కనెక్టర్లు వాడండి. మామూలు ఆర్జీ 58లో సింగిల్ జాలీ గుండా సిగ్నల్ కారిపోతుంది. వేలు పోసి కొన్న ఐసొలేషన్ వంద రూపాయల వైర్ దగ్గర పోతుంది.

అసలు పరీక్ష ఇప్పుడు. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టండి. రిసీవర్‌కి అంతంతమాత్రంగా వినిపించే బలహీనమైన సిగ్నల్ ఇవ్వండి. ట్రాన్స్‌మిటర్ ఆన్, ఆఫ్ చేసి వినండి. ఆన్ చేసినప్పుడు గరగర పెరిగిందంటే డూప్లెక్సర్ లేదా కేబుల్ తప్పు. డమ్మీ లోడ్ మీద శుభ్రంగా ఉండి, యాంటెన్నా పెట్టగానే గరగర వచ్చిందంటే కావిటీలని ముట్టుకోకండి. తప్పు పైన ఉంది: నీళ్లు దిగిన కనెక్టర్, తుప్పు పట్టిన క్లాంప్. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ముందు అక్కడే చూడండి.

ఇంత శ్రమ ఎందుకంటే, నోరు పెద్దదై చెవి చిన్నదైన రిపీటర్‌ని హ్యామ్‌లు మొసలి అంటారు. మామూలు రోజుల్లో అది నవ్వులాటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రాత్రి షెల్టర్‌లో ఒకరు బ్యాటరీ మిగిలించుకోవడానికి హ్యాండీని ఒక్క వాట్‌కి తగ్గించి పిలుస్తుంటారు. రిపీటర్ మాట మాత్రం జిల్లా అంతా వినిపిస్తుంటుంది. ఆ మనిషి పిలుపు దానికి వినబడకపోతే, వినబడలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

లైసెన్స్ లేకుండా పీటీటీ నొక్కొద్దు. రిపీటర్‌కి అనుమతి విడిగా తీసుకోవాలి. వచ్చే ఎపిసోడ్‌లో యాంటెన్నా, మెరుపు నుంచి రక్షణ చూద్దాం. ఉంటాను మరి.