శ్రీకాకుళంలో కథల ఇల్లు

రైల్లో వచ్చేవాళ్ళు ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం ఊళ్ళోకి రావాలి. నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, విశాఖ-ఏ కాలనీలో, కథానిలయం ఉంది. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒక్కచోట చేర్చాలన్న పట్టుదలతో పుట్టిన గ్రంథాలయం అది. 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. మొదలుపెట్టినవారు కాళీపట్నం రామారావు గారు. కారా మాస్టారంటేనే ఎక్కువమందికి తెలుసు. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి, తనకొచ్చిన పురస్కారాల సొమ్ము తెచ్చి ఇందులో పెట్టారు.

కథలు పుస్తకాలుగా వచ్చాక ఇంకా పాత పత్రికలతో పనేమిటని కొందరు అడుగుతారు. పనుంది. వారపత్రికలో వచ్చిన కథ సంపుటిలోకి ఎక్కేసరికి చాలాసార్లు మారుతుంది. ఒక పేరా ఎగిరిపోతుంది, ఒక పాత్ర మాట మెత్తబడుతుంది, ముగింపు పొట్టిదవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే రచయిత తన కథకు తానే ఏం చెప్పుకున్నాడో కనిపిస్తుంది. ఆ తర్వాతి సంచికలు తిరగేస్తే పాఠకుల ఉత్తరాలుంటాయి. అప్పట్లో ఏ కథ ఎవరికి గుచ్చుకుందో వాటిలో తెలుస్తుంది. ఇవేవీ పుస్తకంలోకి రావు.

తొలి కథ సంగతే తీసుకోండి. గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ 1910లో, బందరు నుంచి వెలువడిన ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. ఆ పత్రిక నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారే తర్వాత ఊరూరా గ్రంథాలయాల కోసం తిరిగారు. చాలాకాలం అదే మొదటి తెలుగు కథ అని బడిపిల్లలూ అప్పజెప్పారు. ఇప్పుడు భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ని చూపించి, 1902 నాటి ఆ కథను ఎందుకు మరిచామని నిలదీసేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో బలముందని నా అభిప్రాయం. ఎవరి వాదన నెగ్గినా, పాత సంచిక ఎక్కడో ఒకరి బీరువాలో మిగిలింది కాబట్టే ఆ వాదనకు చోటు దొరికింది.

ఇలా పాత సంచికలు పోగుచేసిన కారా మాస్టారు విమర్శను ముందు తన మీదే ప్రయోగించుకున్నారు. 1940ల నుంచి కథలు రాస్తున్న ఆయన 1950ల్లో కలం పక్కన పెట్టేశారు. అప్పటిదాకా రాసినవి ఆయనకే తృప్తినివ్వలేదు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వచ్చిన కథల్లో ‘యజ్ఞం’ ఒకటి. సుందరపాలెంలో పంచాయితీ జరుగుతుంటుంది. గోపన్నకు అప్పల్రాముడు అప్పు తీర్చాలి. మామూలు రచయిత అయితే రెండు పేజీల్లో తీర్పు చెప్పించేసేవాడు. ఈయన తగువును అక్కడ ఆపి, ఆ ఊరు ఎలా మారుతూ వచ్చిందో తీరిగ్గా చెప్పుకొస్తారు. బడి వచ్చింది, రోడ్డు వచ్చింది, శ్రీరాములునాయుడు పెద్దరికంలో ఊరు బాగుపడిందని అందరూ అనుకున్నారు. అంత బాగుపడిన ఊళ్ళో ఈ అప్పు మాత్రం ఎందుకు పెరిగింది? ఇక ముగింపులో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన పని మీద చర్చ ఏళ్ళ తరబడి నడిచింది. అది సహజమని కొందరు, రచయిత బలవంతమని కొందరు. కథను అంత గట్టిగా పట్టుకుని కొట్లాడుకున్న పాఠకులుండటం మన అదృష్టం.

కొత్తగా రాసేవాళ్ళ చేతిరాత ప్రతులు చదివి మాట్లాడటం మాస్టారు జీవితంలో పెద్ద భాగం. ‘కథా కథనం’ అన్న వ్యాసాల పుస్తకం కూడా వాళ్ళ కోసమే. ఇక్కడ నా మాట ఒకటి. మిత్రుడు కథ ఇస్తే మనం "బావుందండీ" అంటాం, లేకపోతే "ఇంకొంచెం బిగువుండాలి" అంటాం. రెండూ తప్పించుకోవడమే. పనికొచ్చే మాట వేరేగా ఉంటుంది. "మీ కథ జరిగింది 1958లో కదా, అప్పటికి ఆ ఊరికి బస్సుందా? లేకపోతే ఆ పిల్ల పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఎలా తిరిగొచ్చింది?" ఆ ఒక్క ప్రశ్నతో రచయిత ఇంటికెళ్ళి కథ సగం తిరగరాస్తాడు. ఆ పిల్ల నడవాలి, దారిలో ఎవరింట్లోనో రాత్రి ఉండాలి, ఇంటి దగ్గర తల్లి కంగారు పడాలి. అసలు కథ అక్కడుందని అప్పుడు తెలుస్తుంది.

అయితే ఆ ప్రశ్న అడగడానికి చదివినవాడికీ ఆ కాలం తెలియాలి. లాంతరు పోయి కరెంటు దీపం ఎప్పుడొచ్చింది, మనియార్డరు కోసం ఎదురుచూసే ఇల్లు ఎలా ఉండేది, వలసపోయినవాడు ఊరికి ఏ పండక్కి తిరిగొచ్చేవాడు? చరిత్ర పుస్తకాల్లో వీటికి జవాబు దొరకడం కష్టం. ఆ ఏడాది అచ్చయిన కథల్లో, ఎవరూ పనిగట్టుకుని చెప్పకుండానే ఉంటుంది. శ్రీకాకుళంలో కూర్చుని సీమ కథలు పది వరసగా చదవండి, మీరు చూడని ఊరి మార్పు మీకు పట్టుబడుతుంది.

మాస్టారు 2021 జూన్‌లో కన్నుమూశారు. సేకరణ ఇంకా పూర్తికాలేదు, ఎందుకంటే ఆగిపోయిన చిన్న పత్రికల సంచికలు ఇళ్ళల్లో, అటకల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి కట్ట ఏదైనా ఉంటే, చిత్తుకాగితాలవాడికి తూకానికి వేసేముందు ఒకసారి విప్పి చూడండి. అట్ట లేకపోయినా ఫరవాలేదు. కథ చివరి పేజీ ఉందో లేదో మాత్రం చూసుకోండి.