పనిచోట పెద్దరికము

యథా రాజా తథా ప్రజా యని పెద్దలు చెప్పిన మాట, రాజులు లేని ఈ కాలమునను కార్యాలయములకు, కర్మాగారములకు వర్తించుచునే యున్నది. తగిన వేతనము, గాలి, వెలుతురు, విశ్రాంతి పనిచేయువారికి అవసరములే. కాని పనిచోటి ఆరోగ్యమును నిర్ణయించునది మరియొకటి కలదు. పని చెడినప్పుడు నింద ఎవరిపై పడును? ఫలించినప్పుడు కీర్తి ఎవరికి దక్కును? ఈ రెండు ప్రశ్నలకు పై యధికారి తన నడవడిచే నిచ్చు సమాధానమును బట్టియే క్రిందివారి మనస్సులు రూపొందును.

ఇందుకు మన తెలుగు తీరముననే, శ్రీహరికోటలో, చక్కని తార్కాణము కలదు. భారతదేశపు తొలి ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్.ఎల్.వి.-3ను 1979 ఆగస్టు 10వ తేదీన మొదటిసారి ప్రయోగించిరి. దాని యెత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. రెండవ అంచెను అదుపుచేయు వ్యవస్థలో ఒక కవాటము సరిగా పనిచేయకపోవుటచే అది దారి తప్పి, అయిదు నిమిషములు దాటిన కొలది సేపటికే బంగాళాఖాతమున కూలినది. ఆ పథకమునకు సంచాలకులు అబ్దుల్ కలాం గారు. కాని విలేఖరుల ప్రశ్నలకు ఎదురు నిలిచినవారు సంస్థాధ్యక్షులు ఆచార్య సతీష్ ధావన్ గారు. వైఫల్యపు భారమును తామే వహించి, తమ సహచరులయందు తమకు పూర్తి విశ్వాసము కలదని వారు ప్రకటించిరి. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరినది. ఆనాడు మాత్రము విలేఖరులతో మాటలాడుటకు కలాం గారిని ముందు నిలిపిరి. ఈ వృత్తాంతమును కలాం గారే తరువాత పలుమారులు కృతజ్ఞతతో చెప్పియున్నారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు క్రిందివారిని నిందించు అధికారి యొద్ద తప్పులు తగ్గవు, దాగును. లెక్కలో అంకె తారుమారైనదని గుమాస్తా చెప్పడు. యంత్రములో వింత చప్పుడు విన్న కార్మికుడు మిన్నకుండును. రోగికి ఇచ్చిన మందు మారినదని గ్రహించిన నర్సు నోరు మెదపదు. ఆ మౌనమునకు మూల్యముగా ఒకచోట ధనము, మరియొకచోట ప్రాణమే పోవచ్చును.

అట్లని అలసత్వమును ఉపేక్షింపవలెనని మేము చెప్పుట లేదు. పొరపాటు వేరు, సోమరితనము వేరు. మందలింపు ఏకాంతమున, మెప్పు పదిమందిలో జరుగవలెను. తప్పును తానై వచ్చి చెప్పినవానిని మొదట కూర్చుండబెట్టి, సాంతముగా వినవలెను. ఎవడు చేసెనని గాక, ఎట్లు జరిగెనని అడుగవలెను. పనివారు చెప్పిన సలహా నెగ్గినప్పుడు వారి పేరు మరువరాదు. వీనికి ధనవ్యయము లేదు, కావలసినది నిగ్రహమే.

ఇంటి పెద్దకును, బడిపంతులుకును, దుకాణదారుకును ఇదియే ధర్మము. 2002 నుండి శ్రీహరికోట కేంద్రము ధావన్ గారి పేరనే పిలువబడుచున్నది. అపజయదినమున ముందు నిలిచి, విజయదినమున ఒక అడుగు వెనుకకు వేసిన పెద్దకు అది తగిన గౌరవము.