స్లాబ్ పడ్డది, పైసలు తక్కువ పడ్డయి: నేను చెప్పిన లెక్క తప్పింది

ఈ రోజు ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. ముందుగా ఒక సారీ చెప్పాలి, ఆ తర్వాత ఒక లెక్క చెప్పాలి. సారీ ఎందుకో చెప్తా, రెండు నిమిషాలు స్కిప్ చేయకుండా వినండి.

2025 మే నెలలో ఇందిరమ్మ ఇండ్ల మీద ఒక ఎపిసోడ్ పెట్టిన. గుర్తుందా? వైట్ బోర్డు పెట్టి, మార్కర్ పట్టుకొని, పెద్ద లెక్చరర్ లెక్క చెప్పిన. "మొత్తం 5 లక్షలు. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్ష, స్లాబ్ పడితే 2 లక్షలు, ఇల్లు పూర్తయితే లక్ష. ఫొటోలు యాప్‌లో ఎక్కితే సోమవారం సోమవారం పైసలు పడతయి, టెన్షన్ లేదు" అని. ఆ రోజుకి ఆ లెక్క కరెక్టే. పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైనప్పటి నుంచీ చెప్తున్నది 5 లక్షలే.

ఆ వీడియోను మా చిన్నమ్మ మూడు సార్లు చూసింది. మా వాడు చెప్పిండు కదా అని, ఆ 2 లక్షలను నమ్ముకొని షాపులల్ల సరుకు తెచ్చింది.

మాది కట్టంగూర్. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద పోతుంటే నార్కట్‌పల్లి దాటినంక వస్తది. మీలో చాలామంది బస్సులో నిద్రపోతూ మా ఊరు దాటేసి ఉంటరు. చిన్నమ్మ మండలంలోనే ఉంటది. బాబాయి పోయి ఆరేండ్లు. పత్తి ఏరుడు, నాట్లు, బత్తాయి తోటల్ల కూలి, ఏది దొరికితే అది. ఒక్కతే బిడ్డ, డిగ్రీ రెండో సంవత్సరం. పాత ఇల్లు రేకులది, వానాకాలం వస్తే గిన్నెలు వండడానికి తక్కువ, కురిసే కాడ పెట్టడానికి ఎక్కువ. ఇల్లు మంజూరైందని పేరు వచ్చిన రోజు ఆమె నాకు ఫోన్ చేసి ఏం మాట్లాడలేదు, ఊరికే నవ్వింది.

రేకుల ఇల్లు కూల్చి, పక్క బజార్ల నెలకు 2,500 కిరాయికి ఒక రూమ్‌లో చేరిన్రు. జూన్‌లో ముగ్గు పోసిన్రు. బేస్‌మెంట్ లక్ష వచ్చింది. గోడలు లేచినయి, ఇంకో లక్ష వచ్చింది. దసరా అయినంక స్లాబ్ పోసిన్రు. వారం తిరగకముందే మొంథా తుఫాను వానలు. మేస్త్రి నవ్వుకుంట "క్యూరింగ్ దేవుడే చేస్తుండు" అన్నడు. కానీ అదే వానకు పత్తి తడిసింది, ఏరే పనులు తగ్గినయి. ఇంటికి మంచిదైంది కూలికి చెడ్డదైంది.

నవంబర్‌లో ఒక సోమవారం మెసేజ్ వచ్చింది. 1,40,000.

చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, ఇంకో మెసేజ్ వస్తదా?" అన్నది. నేను వస్తదేమో అన్న. రాలేదు. అడిగితే తెలిసింది, పైసలు ఇచ్చే తీరు మారిందట. స్లాబ్ కాడ 2 లక్షలకు బదులు లక్షా 40 వేలు, మిగతా 60 వేలు ఉపాధి హామీ కింద కలుపుతరట. అంటే బోర్డు మీద 5 లక్షలు అట్లనే ఉన్నది, చేతికి ఒకేసారి వచ్చే మొత్తం తగ్గింది. మీకు తెలుసు కదా, సాఫ్ట్‌వేర్‌లో వెర్షన్ మారితే రిలీజ్ నోట్స్ చదవకుండా పాత కోడ్ నడిపిస్తే ఏమైతదో. నేను నాలుగేండ్లు ఆ ఉద్యోగమే చేసిన. అయినా నా వీడియో కింద ఒక్క అప్‌డేట్ లైన్ పెట్టలేదు. అందుకే సారీ. చిన్నమ్మకు ఇంట్లో చెప్పిన, మీకు ఇక్కడ చెప్తున్న.

ఇప్పుడు లెక్కకు వద్దాం. స్లాబ్ రోజు వరకు ఆమె బాకీలు ఇవి. స్టీలు షాపు 58,000. సిమెంటు, కంకర 46,000. సెంట్రింగ్ 32,000. మేస్త్రి, కూలీలు 44,000. మొత్తం 1,80,000. 2 లక్షలు వస్తే ఇవన్నీ తీరి 20,000 మిగిలేది, దర్వాజలకు అనుకున్నది. వచ్చింది 1,40,000. అంటే 40,000 అప్పు మీద అప్పు.

మా ఊర్లల్ల ఇట్లాంటప్పుడు మొదట గుర్తొచ్చేది రెండు రూపాయల వడ్డీ. నూటికి నెలకు 2 రూపాయలు. చిన్నగనే వినిపిస్తది. 40,000కు నెలకు 800, ఏడాదికి 9,600. అసలు అట్లనే ఉంటది. చిన్నమ్మ రెండో ఆలోచన ఇంకా భయంకరం. బిడ్డ పెండ్లికని దాచిన తులం గొలుసు అమ్ముతా అన్నది. ఆ పిల్ల మూలకు కూర్చొని, "అమ్మా, నేను ఈ ఏడు చదువు ఆపి హైదరాబాద్ షాపుల పనికి పోతా" అన్నది. ఆ మాటకు నేను ల్యాప్‌టాప్ తెరిచిన. ఒక వీడియోలో నేను చెప్పిన అంకె వల్ల ఒక అమ్మాయి డిగ్రీ ఆగుడు ఏందని.

ఆ రాత్రి ముగ్గురం కూర్చొని చేసింది ఇది.

ఒకటి, ఎవరికి ముందు ఇయ్యాలె అని వరుస రాసినం. కూలి చేసినోళ్ళు ముందు. వాళ్ళ ఇంట్ల కూడా పొయ్యి వెలగాలె కదా. మేస్త్రి, కూలీలు, సెంట్రింగ్ కలిపి 76,000 మొత్తం ఇచ్చేసినం. తర్వాత సిమెంటు, కంకర 46,000. ఎందుకంటే మిగతా పనికి మళ్ళా అక్కడికే పోవాలె. మిగిలిన 18,000 స్టీలు షాపుకి. ఇప్పుడు బాకీ ఒక్క దగ్గరనే ఉన్నది, 40,000. నలుగురికి తలా కొంచెం బాకీ ఉంటే నలుగురూ ఇంటికి వస్తరు. ఒక్కరికే ఉంటే ఒక్కరితో మాట్లాడొచ్చు.

రెండు, వాయిదా తేదీకి ముందే షాపుకు పోయినం. ఇది చాలామంది చేయరు. సిగ్గుపడి ఫోన్ ఎత్తరు, ఆ షాపు ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి పోతరు. చిన్నమ్మ పోయి సేటుతో సీదా చెప్పింది, "అన్నా, అనుకున్నన్ని పైసలు పడలేదు. మెసేజ్ చూడు. ఎప్పుడెప్పుడు ఎంత ఇస్తనో కాగితం మీద రాసిస్తా." ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సంక్రాంతి లోపు 30,000 ఇయ్యి, మిగతా 10,000 నెలనెలా ఇయ్యమ్మా, వడ్డీ వద్దు" అన్నడు. అందరు షాపోళ్ళు ఇట్లనే అంటరని నేను చెప్పను. అడగకపోతే మాత్రం ఎవ్వరూ అనరు.

మూడు, 30,000 ఎక్కడిది? మహిళా సంఘంల చిన్నమ్మకు పాత అప్పు తీరి ఉన్నది. అక్కడ రూపాయి వడ్డీకి 20,000 తీసుకున్నది, నెలకు 200. ఇల్లు మొదలు పెట్టడానికే పైసలు లేనోళ్ళకు సంఘాల ద్వారా లక్ష వరకు అప్పు ఇప్పించమని సర్కారు కూడా చెప్పింది, ఆ దారి తెలియక బయట వడ్డీకి పోయినోళ్ళు మస్తు మంది ఉన్నరు. ఇంకో 10,000 నేను ఇచ్చిన. కామెంట్లల్ల రాకముందే చెప్తా, "అన్నా, నువ్వే 40,000 ఇయ్యొచ్చు కదా" అంటరు. ఉద్యోగం వదిలినంక నాకు ఒక నెల 9,000 వస్తయి, ఇంకో నెల 2,500. ఇదీ నా స్టార్‌డమ్. ఆ 10,000 కూడా చిన్నమ్మ ఊరికే తీసుకోలేదు. నోటుబుక్కుల నా పేరు రాసి, కింద గీత కొట్టింది.

నాలుగు, కిరాయి ఆపినం. డిసెంబర్ మొదట్ల సెంట్రింగ్ విప్పి, క్యూరింగ్ అయిపోయినంక, ఒక రూమ్‌కు తాత్కాలికంగా పాత తలుపు, కిటికీలకు పట్టాలు కట్టి అందులోకే మారిన్రు. చలికి కష్టమైంది, నిజం. కానీ నెలకు 2,500 మిగిలినయి. నాలుగు నెలలకు 10,000. స్టీలు షాపు చివరి బాకీ సరిగ్గ అంతే.

ఐదు, ఉపాధి హామీ. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మేము నష్టపోయింది ఇక్కడనే. తెలంగాణల 2025-26ల ఉపాధి కూలి రోజుకు 307. సొంతిల్లు కట్టుకునేటోళ్ళకు 90 పనిదినాలంటే 27,630. మరుగుదొడ్డికి స్వచ్ఛ భారత్ కింద 12,000. రెండూ కలిపితే 39,630. మాకు తక్కువ పడ్డది 40,000. అంటే దాదాపు పూడిపోవాలె! కాగితం మీద నేను ఎగిరి గంతేసిన. కానీ చిన్నమ్మ రెండేండ్ల సంది ఉపాధి పనికి పోలేదు. జాబ్ కార్డుల పేరు ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్‌తో కలిసిన ఖాతాకే వస్తది, అది సరి చేయించుకునే సరికి నెల పోయింది. అయిపోయిన పనికి వెనక్కి పోయి మస్టర్ వేయరు. పునాది తవ్వింది, ఇటుకలు మోసింది, నీళ్ళు కొట్టింది, అవన్నీ ఆమె రెక్కల కష్టమే, కానీ ఒక్క రోజు కూడా లెక్కకు రాలేదు. స్లాబ్ తర్వాతి పనికి ఇప్పటిదాకా 24 రోజులు, 7,368 పడ్డయి.

అందుకే ఉపాధి పైసను మేము బాకీ లెక్కల రాయలేదు. వచ్చినప్పుడు దర్వాజలకు పోతది, రాకపోతే బాకీ ఆగదు. రాని పైసను ఖర్చు పెట్టొద్దు, ఇది నేను 20,000 మంది సబ్‌స్క్రైబర్ల ముందు నేర్చుకున్న పాఠం.

ఇల్లు మంజూరై ఇంకా ముగ్గు పోయనోళ్ళు ఎవరన్నా చూస్తుంటే, మీ అమ్మకో అక్కకో ఈ మాట చెప్పండి. పలుగు పట్టకముందే జాబ్ కార్డు తీసుకొని పంచాయతీకి పోండి. పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా మూడూ కలిసినయా చూసుకోండి. మన ఇంటి పనికి మస్టర్ ఎప్పటి నుంచి అని ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి. ఇంకో విషయం, 2025 డిసెంబర్‌లో కేంద్రం ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది, 100 రోజులను 125 అన్నది. కాబట్టి నా వీడియో చూసి కాదు, ఆ రోజుకి రూల్ ఏమున్నదో పోయి అడిగి మొదలు పెట్టండి.

సైజు గురించి కూడా. 400 చదరపు అడుగుల కంటే తగ్గొద్దు, 600 దాటొద్దు. "ఎట్లాగూ కడుతున్నం కదా, ఇంకో రూమ్ లాగుదాం" అని చుట్టాలు చెప్తరు. 600 దాటితే బిల్లు ఆగుతది. చిన్నమ్మది 450. అప్పుడు చిన్నగ అనిపించింది, ఇప్పుడు అదే మమ్మల్ని కాపాడింది. ఇసుక ఉచితమే, కానీ ట్రాక్టర్ కిరాయి మనదే, అది కూడా రాసుకోండి.

ఇది మన దగ్గరే అనుకోకండి. ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్‌లో ఒక రూల్ తెచ్చిన్రు. సర్కారు ఇండ్లల్ల కిరాయికి ఉంటూ సాయం తీసుకునేటోళ్ళకు, ఒక బెడ్‌రూమ్ ఎక్కువుంటే లెక్కలోకి తీసుకునే కిరాయిలో 14 శాతం కోత, రెండు ఎక్కువుంటే 25 శాతం. జనం దానికి బెడ్‌రూమ్ ట్యాక్స్ అని పేరు పెట్టిన్రు. ఇల్లు మారలేదు, మనుషులు మారలేదు, రూల్ మారింది, నెల ఖర్చు తలకిందులైంది. అక్కడి వాళ్ళైనా మా చిన్నమ్మైనా, తక్కువ ఆదాయం ఉన్న ఇంట్ల 40,000 అంటే అంకె కాదు. ఒక చదువు, ఒక గొలుసు, కొన్ని నెలల నిద్ర.

"ఇచ్చేదే ఊరికే ఇస్తున్నరు, తగ్గితే ఏంది" అని కొందరు అంటరు. ఒక్క మాట అడుగుతా. మీ ఆఫీసుల ఆఫర్ లెటర్‌ల ఒక అంకె రాసి, జాయిన్ అయినంక సగం జీతం వేరే దారిల వస్తది, ఎప్పుడొస్తదో తర్వాత చూద్దాం అంటే ఊకుంటరా? పాత ఇల్లు కూల్చినంక వెనక్కి పోయే దారి ఉండదు. మధ్యల రూల్ మారితే, అది మారకముందే పని మొదలు పెట్టినోళ్ళకు ఒక్క మెసేజ్ అన్నా ముందు రావాలె. నేను అడిగేది అంతే.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయిన. గచ్చు ఇంకా కాలేదు, మట్టి నేల మీదనే చిన్నమ్మ ముగ్గేసింది. చెల్లె పరీక్షలకు చదువుతున్నది, గొలుసు పెట్టెలనే ఉన్నది. స్టీలు షాపుకు 30,000 ముట్టినయి, నెలనెలా ఇచ్చేది ఇంకా 5,000 ఉన్నది. ఆఖరి లక్ష రావాలంటే ఇల్లు పూర్తి కావాలె, దానికి ఇంకా పని ఉన్నది. అప్పుడు మళ్ళా చెప్తా, వచ్చింది ఎంతో ఆ మెసేజ్ చూసినంకనే.

వచ్చేటప్పుడు చిన్నమ్మ, "మళ్ళా వీడియో చేస్తావురా?" అన్నది. చేస్తా అన్న. "ఈసారి తేదీ రాయి" అన్నది.

రాస్తున్న. ఇది 2026 జనవరి లెక్క. మీ ఊర్ల స్లాబ్ కాడ ఎంత పడ్డది, ఉపాధి రోజులు వచ్చినయా, కామెంట్‌ల ఊరు, నెల మాత్రం రాయండి. పేర్లు, ఖాతా నంబర్లు రాయొద్దు. ఎవరికన్నా పనికొస్తదనుకుంటే ఇంట్ల గ్రూపుల వేయండి. మళ్ళా కలుద్దాం, ఉంటా.